వెనక డోరు మీద పసుపు

ఇన్నేళ్ళూ ఇది ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. దివిసీమలో మా ఊరి మీదికి ఉప్పెన వచ్చిన ఏడే నేను బడిలో చేరాల్సింది. అమ్మ ఆ నీళ్ళలో పోయింది. బందరు నుంచి పెద్దమ్మ వచ్చి నన్ను వెంటబెట్టుకెళ్ళింది. ఆ ఇంట్లో అందరిదీ రోల్డ్ గోల్డ్ పని. గాజులకి సీలలు బిగించడం, గొలుసులకి కొక్కేలు తగిలించడం నా వంతు. చిన్న వేళ్ళు కాబట్టి చిన్న చిన్న సందుల్లోకి బాగా వెళ్ళేవి. బడికెళ్తానని నేనూ అడగలేదు, వెళ్ళమని వాళ్ళూ అనలేదు. నలభై దాటాక, పొదుపు సంఘంలో అందరూ సంతకం పెడుతుంటే నేనొక్కదాన్నీ వేలిముద్ర వేయడం సిగ్గనిపించి, రిటైరైన ఒక టీచరమ్మ గారి వరండాలో కూర్చుని అక్షరాలు దిద్దాను. మొదట వంటింటి డబ్బాల మీద రాశాను. కందిపప్పు, మెంతులు, చింతపండు. అక్షరాలు వచ్చాక కూడా ఈ సంగతి జోలికి రాలేదు. మా అత్తగారు పోయేదాకా ఆగాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ పట్టింపే నన్ను బతికించింది. ఆ సంగతి తెలియకుండానే ఆవిడ పోయింది.

కారు రాకముందు మా ఆయన ఇంట్లోనే కొట్టేవాడు. గుడివాడలో మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. పైన కంచం పడితే చాలు, ఇంటావిడ కిందనుంచి కేకేసేది, "ఏమిటమ్మా ఆ చప్పుడు?" అని. ఒక్కోసారి కరివేపాకు కావాలని మెట్లెక్కి వచ్చి, నా మొహంలోకి చూసి, ఆయన మొహంలోకి చూసి, కరివేపాకు అడగడం మర్చిపోయి వెళ్ళిపోయేది. ఆ చూపు ఆయనకి నచ్చేది కాదు. నలుగురిలో పెద్దమనిషి. దివిసీమ చివర్లో రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేసేవాడు.

చెరువులు బాగా పండిన ఏడు కారు కొన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా మీద చెయ్యి వేయలేదు.

"కారు అడుగుపెట్టిన వేళ మంచిది. నా కొడుకు మారాడు" అని మా అత్తగారు కారుకి దిష్టి తీసింది.

బూడిద రంగు కారు. ఏసీ ఉంది. దాన్ని అందరికీ చూపించడం ఆయనకి సరదా. దూరంగా నిలబడి తాళంచెవి మీద బొడిపె నొక్కితే నాలుగు తలుపులూ ఒక్కసారిగా టక్కున పడేవి. డ్రైవరు సీటు కింద ఒక మీట లాగితే డిక్కీ లేచేది, పక్కనే ఇంకోటి లాగితే పెట్రోలు మూత తెరుచుకునేది. ఎండకి అడ్డంగా దించుకునే అట్ట వెనక చిన్న అద్దం దాచి ఉండేది. కారు వెనక్కి వెళ్తుంటే పాట పాడేది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ పాట కోసం "నాన్నా, ఒక్కసారి వెనక్కి తీయి" అని బతిమాలేది.

అక్షరం రాకపోయినా నాకు ఆ కారు తొందరగానే అర్థమైంది. దాని లోపల అక్షరాల కన్నా బొమ్మలే ఎక్కువ. ఫ్యాను బొమ్మ, బెల్టు పెట్టుకున్న మనిషి బొమ్మ, కారు లోపల గుండ్రంగా తిరుగుతున్న బాణం బొమ్మ. ఆ బాణం నొక్కితే బయట గాలి లోపలికి రాదు. లోపలి గాలి లోపలే తిరుగుతుంది. ఆయన ముందు అద్దాలు ఎత్తేవాడు, తర్వాత ఆ బాణం నొక్కేవాడు, తర్వాత టేపు పెంచేవాడు. ఆ మూడూ వరసగా జరిగితే నేను పళ్ళు బిగబట్టుకునేదాన్ని.

మొదట్లో ముందు సీట్లో కూర్చునేదాన్ని. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా ఎడమ చెయ్యి వెనక్కి తిప్పి కొట్టేవాడు. వేలికి ఉంగరం ఉండేది. నేను పక్కకి ఒరిగితే బెల్టు గొంతు దగ్గర బిగుసుకునేది. ఆ బెల్టు గుణం అప్పుడు తెలిసింది. మెల్లగా లాగితే ఎంతైనా వస్తుంది, గట్టిగా గుంజితే పట్టేస్తుంది. ముక్కులోంచి రక్తం కారుతుంటే ఆయన ఆ అట్ట దించి, "చూసుకో, ఎలా ఉన్నావో" అనేవాడు. చుట్టాల్లో అందరూ బొట్టు సర్దుకుని మురిసిపోయిన అద్దం అది.

ఒకసారి పామర్రులో జనం మధ్య కారు ఆగినప్పుడు నేను తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. జుట్టు పట్టుకుని లోపలికి లాగాడు. పక్కన సోడా బండివాడు చూశాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చోబెట్టేవాడు.

వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకునేవి కావు. పైన పిన్ను లాగితే లేచేది, హ్యాండిల్ మాత్రం చేతిలో ఉత్తినే ఊగేది. ఆయన "ఈ కారు డోర్లు అంతే, బిగువుగా ఉంటాయి" అన్నాడు. నేను నమ్మాను. చెరువుల దారిలో మనిషి కనబడని చోట కారు ఆపి, దిగి, వెనక సీట్లోకి వచ్చేవాడు. టార్చిలైటు వెనక భాగంతో కొట్టేవాడు, మోచేతుల మీద, తొడల మీద, చీర కప్పే చోట్ల. మా వైపు కొత్త కారు సీట్లకి ప్లాస్టిక్ తొడుగులు ఏళ్ళ తరబడి తీయరు. రక్తం పడితే ఆ ప్లాస్టిక్ మీద నిలిచేది. కారు తుడిచే పసుపురంగు గుడ్డ నా మీద పడేసి "తుడు" అనేవాడు. ఒక్క తుడుపుకి పోయేది.

ఊళ్ళోకి వచ్చాక ఆయనే దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి, నాకు తలుపు తీసి పట్టుకునేవాడు. అది చూసి వీధి వీధంతా మురిసిపోయేది. బందరులో పెద్దమ్మ అయితే మరీను.

"మా అల్లుడు గారు డోరు తీస్తే గానీ మా పిల్ల కాలు కింద పెట్టదమ్మా! ఏ జన్మలో ఏ పువ్వులు పెట్టి పూజ చేసిందో."

"ఏం చేయనండీ అత్తయ్య గారూ," అని ఆయన నవ్వేవాడు, "మీ అమ్మాయికి కారు తలుపు తీయడం కూడా రాదు. నేర్పినా ఎక్కదు."

"ఆ మట్టిబుర్రకి రోల్డ్ గోల్డ్ గాజులు తప్ప ఏం ఎక్కుతుంది బాబూ!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వితే దవడ నొప్పెట్టేది.

తర్వాతి ఏడు చెరువులకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. రొయ్య రాత్రికి రాత్రి గట్టుకి చేరి చచ్చింది. చచ్చిన చెరువుల్ని చూసి తిరిగి వస్తున్నాం. నేనూ, మా అమ్మాయీ వెనక సీట్లో ఉన్నాం. పక్కన కాలవ నిండుగా పారుతోంది. ఉన్నట్టుండి ఆయన స్టీరింగు తిప్పి కారుని గట్టు వాలులోకి దింపాడు. ముందు చక్రాల కింద మట్టి జారింది. అద్దంలోంచి నాకు నీళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు. బ్రేకు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"దిగండి. దిగండి చూద్దాం."

నేను నా వైపు హ్యాండిల్ లాగాను. మా అమ్మాయి దాని వైపుది లాగింది. రెండూ ఊగాయి. అది రెండు చేతులతో లాగుతూ "అమ్మా, రావట్లేదు, రావట్లేదు" అని అరిచింది. ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, నా వైపు చూశాడు.

"మీ అమ్మ ఎలా పోయిందో నీకూ తెలియాలి కదే. ఈ కాలు ఎత్తానంటే తెలుస్తుంది. ఇంకోసారి వచ్చినప్పుడు ఎత్తుతా."

కారు వెనక్కి తీశాడు. ఆ గట్టు మీద, ఆ నీళ్ళ పక్కన, కారు పాట పాడింది. మా అమ్మాయి చెవులు మూసుకుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ పాట అడగలేదు.

ఆ మనిషి అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుంది? అదొక్కటే.

మా అత్తగారికి శుక్రవారం గడపకి పసుపు రాయందే పొద్దు గడవదు. చెరువులు పోయాక ఆవిడకి కొత్త అనుమానం పట్టుకుంది. "కారుకి మాత్రం గడప లేదా? మనిషి అడుగుపెట్టి ఎక్కేది గడప కాకపోతే ఏమిటి? దానికి పసుపు లేకే ఇంటికి కీడు వచ్చింది" అంది. పసుపు గిన్నె నా చేతికిచ్చి కిందకి పంపింది.

నాలుగు తలుపులూ తెరిచి, కాలు పెట్టే చోట పసుపు రాసి, బొట్లు పెట్టాను. ఆవిడ మేడ మీదనుంచి చూస్తూ "తలుపు చెక్కకి కూడా రాయవే, ద్వారబంధానికి రాయమా?" అంది. సరే అని వెనక ఎడమ తలుపు అంచు మీద, పైనుంచి కిందకి వేలు దించాను. తాళం కొక్కెం కింద వేలు ఒక సందులో దిగింది. లోపల చిన్న బొడిపె. గాజు సీల ఎంత ఉంటుందో అంత. పక్కన ఇనుము మీద ఒత్తిన బొమ్మ ఉంది. చిన్నపిల్ల తల.

గోరుతో బొడిపెని పైకి నెట్టాను. కదిలింది. పసుపు గిన్నె కింద పెట్టి, లోపల కూర్చుని, తలుపు వేసుకుని, హ్యాండిల్ లాగాను.

తెరుచుకుంది.

బిగువూ లేదు, ఏమీ లేదు. చిన్నపిల్లలు నడుస్తున్న కారులోంచి పడిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆ పక్క తలుపుకీ ఉంది. ఆయన దాన్ని నా కోసం వాడాడు. నాకు డోరు తీసి పట్టుకున్న ప్రతిసారీ ఆయన వేలు ఆ అంచు మీద ఎందుకు రాసుకుంటూ వెళ్ళేదో అప్పుడు తెలిసింది. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. బొడిపెని మళ్ళీ కిందకి దించేసి, తలుపు వేసి, పైకి వెళ్ళి వంట చేశాను. ఆ పూట పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. దానికి అత్తగారు తిట్టింది.

దసరా సెలవుల్లో ఒక శుక్రవారం మోపిదేవి ప్రయాణం పెట్టింది అత్తగారు. చెరువుల తెగులు నాగదోషమే అని ఆవిడ నమ్మకం. మోకాళ్ళ నొప్పుల వల్ల తను రాలేదు. మేము ముగ్గురం వెళ్ళి పుట్టలో పాలు పోసి రావాలి. దారి పొడుగునా కాలవలే.

పొద్దున్నే పసుపులో బియ్యప్పిండి కలిపి గట్టిగా ముద్ద చేశాను. వెనక ఎడమ తలుపు బొడిపెని పైకి నెట్టి, ఆ సందు పూర్తిగా పూడిపోయేలా ముద్ద పెట్టి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాను. నాలుగు తలుపులకీ అక్కడే అలాగే పెట్టాను, ఒక్కదానికే ఉంటే అడుగుతాడని. కుడి వెనక బొడిపె ముట్టుకోలేదు.

ఆయన వచ్చి నాకు తలుపు తీశాడు. వేలు అంచు మీదుగా జారి ముద్దలో దిగింది.

"ఏమిటే ఈ బురద?" అని జేబులోంచి రుమాలు తీశాడు.

మేడ మీదనుంచి మా అత్తగారు ఒక్క కేక వేసింది. "ఒరేయ్! శుక్రవారం పూట పసుపూ కుంకుమా తుడుస్తావుట్రా? అదీ నాగేంద్రుడి దగ్గరికి వెళ్తూ! కళ్ళు పోతాయి!"

ఆయన ఎవరికీ భయపడేవాడు కాదు, దేవుడికి తప్ప. వేలు మాత్రం రుమాలుకి తుడుచుకుని తలుపు వేశాడు. నేను లోపల ఉన్నాను. ఆ తలుపు ఇప్పుడు తెరుచుకుంటుందో, పిండి గట్టిపడి ఆ బొడిపె ఇరుక్కుపోయిందో నాకు తెలియదు. లాగి చూడటానికి లేదు.

వెళ్ళేటప్పుడు ఏమీ జరగలేదు. పుట్టలో పాలు పోశాం. కొన్ని పాలు ప్రసాదంగా చెంబులో తెచ్చుకున్నాం. కూచిపూడి దాటాక గుంతలో చక్రం పడి చెంబు ఒరిగింది. సగం పాలు ప్లాస్టిక్ మీద పారాయి. అద్దాలు లేచాయి. బాణం బొమ్మ వెలిగింది. టేపు పెరిగింది. కారు పక్కకి ఆపి, సీట్ల మధ్యలోంచి వంగి, టార్చితో నన్ను మెడ మీద కొట్టాడు. రెండోది భుజం మీద పడింది. మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"చాలు నాన్నా. అమ్మ ఏం చేసింది? గుంత కదా."

అంతవరకూ దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. అప్పుడు దాని తల పట్టుకుని అద్దానికి కొట్టాడు. పుచ్చకాయ నేలమీద పడ్డ చప్పుడు. చెవి వెనకనుంచి రక్తం వచ్చి గౌను మెడ తడిసింది. అది ఏడవను కూడా లేదు. నోరు తెరిచి నన్ను చూసింది.

ఆయన కారు స్టార్టు చేస్తూ మామూలు గొంతుతో అన్నాడు. "ప్రసాదం అమ్మకిచ్చేసి, మన కాలవ దగ్గరికి పోదాం ఇవాళ. ఇద్దర్నీ తీసుకెళ్తా."

ఆయన ప్రసాదం ఇవ్వకుండా ఉండడని తెలుసు. ఇచ్చాక కాలవ దగ్గరికి వెళ్ళకుండా ఉండడనీ తెలుసు.

గుడివాడ దగ్గర రైలు గేటు వేసి ఉంది. మా ముందు బస్సు, వెనక వడ్ల బస్తాల ట్రాక్టరు. గేటు పడితే ఎవరూ వరసలో ఆగరు కదా, ఒక లారీ మా కుడి పక్కనుంచి దూరి, ఆయన తలుపుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆయన దాన్ని తిడుతూ హారన్ కొడుతున్నాడు.

నేను ఎడమ చేత్తో పిన్ను లేపాను. కుడి చేత్తో అమ్మాయి మణికట్టు పట్టుకున్నాను. హ్యాండిల్‌ని గుంజలేదు. బెల్టు నేర్పిన బుద్ధి. మెల్లగా లాగాను. ఊగింది. ఇంకొంచెం లాగాను. అంచు దగ్గర పసుపు పెచ్చులుగా రాలింది, తలుపు వదులైంది, ఎండా హారన్లూ ఒక్కసారి లోపలికి వచ్చాయి.

ఆయన తిరిగి నా జడ అందుకున్నాడు. నేను వెనక్కి వంగి ఆయన మణికట్టు కొరికాను. పళ్ళు ఎముకకి తగిలాయి. నోట్లో రక్తం వచ్చింది, ఆయనదో నాదో తెలియదు. జడ వదిలాడు. అమ్మాయితో సహా రోడ్డు మీద పడ్డాను. ఆయన తన తలుపు తీయబోతే అది లారీకి కొట్టుకుని ఆగింది. సందులోంచి మనిషి పట్టడు. ఆ కాస్త ఆలస్యం చాలు. గేటు కింద నుంచి దూరి పట్టాల మీదికి పరిగెత్తాం. గేటు మనిషి "ఏయ్ అమ్మా! బండొస్తోంది, చస్తావా!" అని అరిచాడు. అటు పక్కకి చేరి వెనక్కి తిరిగేసరికి రైలు ఆయనకీ మాకూ మధ్యనుంచి వెళ్తోంది. గూడ్సు. చాలా పొడుగుంది.

ఆటో ఎక్కి బస్టాండుకి, అక్కడినుంచి బందరు బస్సు. పెద్దమ్మ గుమ్మంలోనే ఆపింది.

"డోరు తీసే మొగుణ్ణి వదిలేసి ఏ మొహం పెట్టుకుని వచ్చావే?"

పిల్ల చెవి చూపించాను. తలుపుల సంగతి చెప్పాను. పెద్దమ్మ పసుపు అద్దింది, గుడ్డ కట్టింది, అన్నం పెట్టింది. "తలుపు తీసుకుని దిగలేకపోయానంటే ఎవరు నమ్ముతారే? నీకు రాకపోతే అది ఆయన తప్పా? కోపంలో తగిలి ఉంటుంది. పొద్దున్నే పంపిస్తాను, బుద్ధిగా వెళ్ళు" అంది.

పొద్దున్నే ఆయనే వచ్చాడు. కారు కడిగి ఉంది. ఇస్త్రీ చొక్కా, మణికట్టుకి రుమాలు. వీధిలో నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. ఆయన చుట్టూ తిరిగి వచ్చి వెనక ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా. అమ్మ బెంగపెట్టుకుంది" అన్నాడు. ఎంత మెత్తగానో.

"చూడవే, చూడు" అంది పెద్దమ్మ. "అంత చేసినా డోరు తీసి పట్టుకున్నాడు."

నేను దగ్గరికి వెళ్ళి అంచు చూశాను. పసుపు ఎక్కడా లేదు. సందు శుభ్రంగా కడిగి ఉంది. బొడిపె కిందకి దించి ఉంది.

"పెద్దమ్మా, నువ్వొకసారి కూర్చో" అన్నాను.

"నేనెందుకే?"

"ఏసీ కారని అంటావుగా. ఒక్కసారి కూర్చో, నేనూ వస్తాను."

పెద్దమ్మకి ఆ కారంటే ఇష్టమే. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కింది. ఆయన ఏదో అనబోయేలోపు తలుపు వేశాను. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి.

"ఇప్పుడు దిగు" అన్నాను.

పెద్దమ్మ నవ్వుతూ హ్యాండిల్ లాగింది. మళ్ళీ లాగింది. పిన్ను లేపి లాగింది. పక్కకి జరిగి ఆ తలుపు లాగింది. నవ్వు పోయింది. అద్దం దించాలని బొత్తాం నొక్కింది, దిగలేదు. ఎండలో నిలబెట్టిన కారు. పెద్దమ్మ నోరు కదులుతోంది, మాట బయటికి రావడం లేదు. గాజుల చేత్తో అద్దం మీద కొట్టడం మొదలుపెట్టింది. మా ఇంట్లో చేసిన గాజులే. ఒకటి విరిగి కింద పడింది. ఆయన తలుపు మీదికి చెయ్యి చాపాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. అంతమంది ముందు ఆయన నన్ను ముట్టుకోలేడు.

పెద్దమ్మ కళ్ళు నా కళ్ళని చూసేదాకా ఆగి, బయటనుంచి తలుపు తీశాను. చెమటతో దిగి, కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుంది. బొడిపె ఎక్కడుందో, ఏ పక్కకి ఉంటే ఏమవుతుందో వేలు పెట్టి చూపించాను. పిల్ల తల బొమ్మ కూడా చూపించాను. బిందెలవాళ్ళలో ఒకావిడ వంగి చూసింది.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది.

"మీ బండి తీసుకెళ్ళండి" అంది. బాబూ అనలేదు.

నేను ఆ తలుపు వేసేసి లోపలికి వెళ్ళాను. మా అమ్మాయి లేచి కూర్చుని ఉంది. చెవికి తగలకుండా జడ వేసి, దాన్ని పెద్దాసుపత్రికి నడిపించుకుని తీసుకెళ్ళాను.